వెన్నంటి నడవడం

తోడు గురించి ఏం మాట్లాడాలన్నా తెలుగువాళ్లం వెన్ను దగ్గరికే వెళ్తాం. అండగా నిలిచినవాడు వెన్నుదన్ను. విడవకుండా వెంట ఉన్నవాడు వెన్నంటి ఉన్నాడు. మెచ్చుకుంటే వెన్ను తడతాం, పారిపోతే వెన్ను చూపాడంటాం, నమ్మించి ముంచితే వెన్నుపోటంటాం. ఆ వెన్నులోనే గడ్డ ఉందని భార్య ఎమ్మారై రిపోర్టులో చదివిన భర్తకు ఈ మాటలేవీ ఇక మామూలు మాటలుగా వినిపించవు. వెన్నుపాములోనూ దాని చుట్టూ వచ్చే గడ్డలు చాలా రకాలు. వాటిలో మెనింజియోమా అనేది వెన్నుపామును కప్పి ఉంచే పొరల్లోంచి పుడుతుంది. నడివయసు దాటిన ఆడవాళ్లలో, అందులోనూ ఛాతీకి వెనకవైపు ఉండే పూసల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చాలావరకు క్యాన్సర్ కాదు, ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. నడుస్తుంటే కాలి చెప్పు ఊడిపోయినా తెలియకపోవడం, మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి రావడం, రెండు రెక్కల మధ్య వీపులో రాత్రిపూట నొప్పి, ఆ తర్వాతెప్పుడో మూత్రం మీద అదుపు తప్పడం, ఇలా బయటపడుతుంది. క్యాన్సర్ కాదన్న ఊరట ఎంతోసేపు నిలవదు. అది కూర్చున్న చోటు అలాంటిది. చిటికెన వేలంత మందం ఉండే వెన్నుపామును ఒత్తుతున్నదాన్ని, ఆ పాముకు దెబ్బ తగలకుండా తియ్యాలి. సాధారణంగా ఆపరేషనే దారి. ఆ బల్ల మీదికి ఒక్కరే వెళ్తారు. మరి అర్ధాంగి అన్న మాటకు అర్థం ఏమిటి? ఒకరి బాధలో ఇంకొకరికి నిజంగా భాగం ఉంటుందా? ఉంటే అది ఎలాంటి భాగం?

అర్ధనారీశ్వరుడి బొమ్మను ఒకసారి తలుచుకోండి. కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి. ఇద్దరినీ కలిపే గీత నుదుటి నడుమ మొదలై నిలువునా కిందికి దిగుతుంది. అంటే సరిగ్గా వెన్నెముక ఉండే చోటే. కళ్లు, చేతులు, నగలు ఎవరివి వాళ్లవే గానీ వెన్ను మాత్రం ఇద్దరిదీ అన్నట్టుంటుంది ఆ మూర్తి. భర్త మనసు కోరుకునేదీ అదే. ఆ గడ్డేదో నాకే వచ్చుంటే పోయేది కదా, సగం నొప్పి ఇటిస్తే మోస్తాను కదా అనిపిస్తుంది. ఈ కోరికకు మన పురాణాల్లో చోటుంది. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో రురుడి కథ వస్తుంది. పెళ్లి కావలసిన ప్రమద్వర పాము కాటుకు చనిపోతే, రురుడు తన ఆయుష్షులో సగం ధారపోసి ఆమెను బతికించుకుంటాడు. ప్రేమకు ఇంతకు మించిన లెక్క లేదనిపిస్తుంది. కానీ కథ అక్కడ ఆగదు. ప్రమద్వర బతికాక కూడా రురుడి కోపం చల్లారదు. కనిపించిన పామునల్లా కొట్టి చంపుతూ తిరుగుతాడు, చివరికి డుండుభమనే విషం లేని పాము మీద కూడా కర్ర ఎత్తుతాడు. ఇంత ఇచ్చినవాడికి కూడా లోకం మీద కోపం మిగిలిపోవడం ఆ కథలోని సూక్ష్మం. ఆసుపత్రి వరండాల్లో నర్సు మీదా, డ్యూటీ డాక్టరు మీదా, ఆలస్యంగా వచ్చిన బావమరిది మీదా అరిచే భర్తల్లో నాకు రురుడు కనిపిస్తాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఇవ్వాలనుకున్నది ఇచ్చే వీలులేక కుమిలిపోతున్నవాళ్లు.

భారతంలోనే ఇంకో దారి కూడా ఉంది. అది ఎర్రన పూరించిన అరణ్యపర్వంలోని సావిత్రి కథ. యముణ్ణి మెప్పించి మొగుణ్ణి తెచ్చుకున్న పతివ్రత కథగా దాన్ని చెప్పుకుంటాం, చూపంతా ఆ గెలుపు మీదే నిలుపుతాం. గెలుపుకు ముందు ఆమె చేసిన పనులు చూడాలి. అడవికి తానూ వెళ్తానని అత్తమామల అనుమతి తీసుకుంది. కట్టెలు కొడుతుండగా సత్యవంతుడికి తలనొప్పి వచ్చి ఒళ్లు తూలితే, నేల మీద కూర్చుని అతని తల ఒళ్లో పెట్టుకుంది. యముడు వచ్చినప్పుడు అడ్డం పడలేదు. నా ప్రాణం తీసుకుని ఆయన్ని వదిలెయ్యమనలేదు. ఆ తలను మెల్లగా నేల మీదికి దించి, చేతులు జోడించి లేచి నిలబడింది. యముడు కదిలాక వెనకే నడిచింది. తిరిగి వెళ్లమని అతను చెప్పినప్పుడు ఆమె ఇచ్చిన జవాబుల్లో ఒకటి నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహమని పెద్దలంటారు, మీతో నేను నడిచాను, ఆ చెలిమితో ఒక మాట చెబుతాను వినమంటుంది. పెళ్లిలో ఏడడుగులూ పూర్తయ్యాక వరుడు వధువును సఖి అని పిలుస్తాడు. ఆ చుట్టరికాన్నే ఆమె మృత్యువుతో కలుపుకుంది. రురుడు ప్రాణాన్ని పంచి ఇచ్చాడు. సావిత్రి దారిని పంచుకుంది. మొదటిది కథల్లోనే జరుగుతుంది. రెండోది ఎవరైనా చెయ్యగలిగిన పని. ఆలుమగల నుంచి ధర్మం అడిగేది కూడా ఈ రెండోదేనని నేను నమ్ముతాను.

పెళ్లి మంత్రాల్లోనే ఇందుకు సాక్ష్యం ఉంది. కన్యాదాన సమయంలో వరుడు నాతిచరామి అని మాటిస్తాడు. ఈ మాట ఇచ్చేది భర్త. పాతివ్రత్యం గురించి అన్ని కథలు చెప్పుకునే మనం ఈ సంగతిని తగినంతగా పట్టించుకోలేదు. ధర్మంలో, అర్థంలో, కామంలో అని మంత్రం మూడింటినే పేర్కొంటుంది. వాడుకలో నాలుగోదిగా మోక్షాన్ని కూడా కలిపి చెబుతుంటారు గానీ, ఆ నాలుగో చోటుకు ఎవరికి వాళ్లే వెళ్లాలని పూర్వులకు తెలిసే వదిలారేమో. ఇక ఆ మాట అర్థం. నిన్ను విడిచిపెట్టను అని సాధారణంగా చెబుతారు. అది తప్పు కాదు గానీ సగమే. అతిచరించడమంటే దాటిపోవడం, మీరడం. నాతిచరామి అంటే నిన్ను దాటి వెళ్లను, నిన్ను మీరి నడవను. ఒకరిని దాటి వెళ్లడం రెండు రకాలుగా జరుగుతుంది. వాళ్లను వెనక వదిలేసి మన దారిన పోవడం ఒకటి. వాళ్ల తరఫున అన్నీ మనమే తేల్చేసి, వాళ్ల ముందు మనం నిలబడి, వాళ్లు కనపడకుండా చెయ్యడం రెండోది. జబ్బు చేసినప్పుడు మొదటి తప్పు మీద లోకం ఉమ్మేస్తుంది. రెండోదాన్ని ప్రేమ అని మెచ్చుకుంటుంది. డాక్టరు గదిలో జబ్బుమనిషిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపల మొగవాళ్లు మాట్లాడుకోవడం మన దగ్గర ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. వెన్నంటి అనే తెలుగుమాట ఈ సంస్కృత ప్రమాణాన్ని ఎంత బాగా పట్టుకుందో చూడండి. వెన్నంటి ఉండేవాడు దూరం జరగడు, అలాగని ముందుకు దూకడు. అతను ఉండవలసిన చోటు ఆమె వీపుకు ఆనుకుని, ఆమె చూపుకు అడ్డం రాకుండా.

జబ్బుమనిషి తరఫున నిర్ణయించడం ఎందుకు అంత పెద్ద తప్పవుతుందో తెలియాలంటే ఈ ఆపరేషన్ చరిత్రను కాస్త చూడాలి. 1887 జూన్ 9న లండన్‌లోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో విక్టర్ హార్స్‌లీ అనే సర్జన్ వెన్నుపామును నొక్కుతున్న గడ్డను తీశాడు. అది అక్కడుందని శరీర లక్షణాలను బట్టి లెక్కగట్టింది విలియం గవర్స్ అనే వైద్యుడు. స్కానింగులు లేని కాలం. రోగి నలభై రెండేళ్ల మాజీ సైనికాధికారి. ఏళ్ల తరబడి వీపు నొప్పితో డాక్టర్ల చుట్టూ తిరిగి, చివరికి కాళ్లు పూర్తిగా పడిపోయి, మూత్రం కూడా బంధించిన స్థితిలో ఉన్నాడు. పూసల వెనక ఎముక తీసి చూస్తే అనుకున్న చోట గడ్డ కనపడలేదు. ఇంకాస్త పైకి తెరిచారు. అక్కడ దొరికింది, బాదం గింజ ఆకారంలో. ఆ మనిషి ఏడాదికల్లా మళ్లీ నడిచాడు. వెన్నుపాము గడ్డను కనిపెట్టి విజయవంతంగా తీసిన మొదటి ఆపరేషన్‌గా వైద్యచరిత్ర దీన్ని చెబుతుంది. దీన్ని నేను వైద్యం సాధించిన ఘనతగా మాత్రమే చూడను. అంతవరకు ఈ జబ్బు విధి. భరించడం తప్ప చెయ్యగలిగింది లేదు. ఆ రోజు నుంచి అది ఒక నిర్ణయమైంది. చేయించుకోవాలా వద్దా, ఇప్పుడా కాస్త ఆగా, కాళ్లు నిలుస్తాయన్న ఆశకూ పోవచ్చన్న భయానికీ మధ్య ఎంత దూరం వెళ్లాలి, ఇవన్నీ మనిషి తేల్చవలసిన సంగతులయ్యాయి. విధిని ఎవరైనా ఎవరి పక్కనైనా నిలబడి భరించవచ్చు. నిర్ణయానికి మాత్రం ఒక యజమాని ఉంటారు. ఈ నిర్ణయానికి యజమాని ఆ వెన్ను ఎవరిదో వాళ్లే.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి వస్తుంది, అదీ సావిత్రి కథ నుంచే. సత్యవంతుడికి ఏడాదే ఆయుష్షు అని నారదుడు ముందే చెప్పాడు. ఆ మాటను సావిత్రి ఏడాది పొడవునా మనసులో దాచుకుంది, భర్తకు చెప్పలేదు. మూడు రాత్రులు ఉపవాస వ్రతం చేసినప్పుడు కూడా కారణం బయటపెట్టలేదు. మరి భార్యకు వచ్చిన గడ్డ సంగతి భర్త దాస్తే తప్పేమిటి? అంతా తెలిస్తే ఆమె బెంగతోనే సగమైపోదా? ఈ ఆక్షేపణను తేలిగ్గా తోసెయ్యకూడదు, ఎందుకంటే దాచేవాళ్లలో చాలామంది నిజమైన ప్రేమతోనే దాస్తారు. కానీ సత్యవంతుడి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఏదీ లేదు. అతను సంతకం పెట్టవలసిన కాగితం లేదు. నారదుడు చెప్పింది విధి, డాక్టరు చెప్పేది నిర్ణయం. రెండిటినీ ఒకే గాటన కట్టలేం. పైగా వెన్నుపాము జబ్బులో రోగి మాటే పరీక్ష. ఏ కాలు ముందు తిమ్మిరెక్కింది, చల్లనీళ్లు ఎక్కడి నుంచి చల్లగా తగలడం లేదు, మూత్రం వస్తున్నట్టు తెలుస్తోందా లేదా, ఇవి ఆమె తప్ప ఇంకెవరూ చెప్పలేరు. మత్తు వదిలీ వదలగానే డాక్టరు అడిగేది కాలివేళ్లు కదపమని. తనకేం జరిగిందో తెలియని మనిషి ఆ ప్రశ్నకే బెదిరిపోతుంది. మన న్యాయస్థానం కూడా ఈ సంగతిని తేల్చింది. మత్తులో ఉన్న ఒకామెకు ఆమె తల్లి అనుమతితో గర్భసంచీ, అండాశయాలు తీసేసిన కేసులో, స్పృహ వచ్చాక తనే చెప్పగల పెద్దమనిషి విషయంలో, ప్రాణం మీదికి రాని సందర్భంలో, తల్లి అనుమతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. కన్నతల్లికే లేని అధికారం తాళి కట్టినందుకు వచ్చేస్తుందా?

దాచవద్దన్నంత మాత్రాన అన్నీ ఒక్కసారి మీద కుమ్మరించమని కాదు. ఎంత తెలుసుకోవాలో కూడా ఆమే చెప్పాలి. నాకు అంకెలొద్దు, నడవగలనో లేదో చెప్పండి చాలు అనే హక్కు ఆమెకుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లు ‘మీ ఇష్టం, మీరెలా అంటే అలా’ అంటారు. నలభై ఏళ్లుగా ప్రతిదానికీ అదే మాట అంటూ వచ్చిన మనిషిని ఈ రోజు కొత్తగా నువ్వే తేల్చుకో అనడం న్యాయమా, అది బరువును ఆమె మీదికి తోసెయ్యడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిర్ణయాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం కూడా నిర్ణయమే, ఆమె మనస్ఫూర్తిగా పెడితే దాన్ని మోయడం భర్త ధర్మం. కాకపోతే ఆ మాట వెనక ఏముందో కనుక్కోవాలి. మీ ఇష్టం అన్నదాంట్లో నమ్మకం ఉండవచ్చు, అలసట ఉండవచ్చు. ఖర్చు గురించిన జంకు కూడా ఉండవచ్చు. పిల్ల పెళ్లికి దాచిన డబ్బు నా మీద ఖర్చవుతుందేమో అని పైకి అనలేక మీ ఇష్టం అనే తల్లులు మనకు తెలియనివాళ్లు కారు. అందుకని ఒకసారి అడిగి ఊరుకోకూడదు. వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక, దీపం తగ్గించి, పక్కన కూర్చుని మళ్లీ అడగాలి. సఖ్యం అంటే అదే.

ఇక కర్మ. ఎవరి కర్మ వాళ్లే అనుభవించాలి, ఇంకొకరు చెయ్యగలిగిందేముంది అనే మాట ఆసుపత్రి మంచం దగ్గర ఎవరో ఒకరు అనకుండా ఉండరు. దానికి తోడు ఏ జన్మలో ఏం చేసిందో అనే నిట్టూర్పు. మొదటి మాటలో సత్యం ఉంది. వాల్మీకి బోయవాడిగా దారులు కొట్టిన కాలంలో, నా పాపంలో పాలు పంచుకుంటారా అని భార్యాబిడ్డలను అడిగితే వాళ్లు కుదరదన్నారని చెప్పుకునే కథ కూడా ఈ సత్యాన్నే చెబుతుంది. పాలు పంచుకోలేరు. కానీ అనుభవం ఎవరిది అన్న ప్రశ్నకు కర్మ సిద్ధాంతం జవాబు చెబుతుందే గాని, పక్కన ఎవరు కూర్చోవాలి అన్న ప్రశ్నకు చెప్పదు. ఆ రెండో ప్రశ్న ధర్మానిది. రెండో మాటలో, ఏం చేసిందో అన్న నిట్టూర్పులో, సత్యం కూడా లేదు. రమణ మహర్షికి ఎడమ మోచేతి దగ్గర గడ్డ వచ్చింది, 1949లో నాలుగుసార్లు కోశారు, 1950 ఏప్రిల్‌లో ఆయన దేహం చాలించారు. ఆయన ఏ పాపం చేశాడని ఎవరైనా అడుగుతారా? అడగనివాళ్లు మామూలు ఇల్లాలిని మాత్రం ఎందుకు అడుగుతారు? బైబిల్లోని యోబు గ్రంథం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబును చూడటానికి స్నేహితులు వచ్చి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితోపాటు నేల మీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి ఈ బాధకు నీ పాపమే కారణమని వివరించడం మొదలుపెట్టాకే చెడ్డవాళ్లయ్యారు. అలా పక్కన ఉండే తీరుకు ఖురాన్‌లో మంచి పోలిక ఉంది, అది భార్యాభర్తలను ఒకరికొకరు వస్త్రమంటుంది. వస్త్రం ఒంటిని అంటిపెట్టుకునే ఉంటుంది, చలినీ సిగ్గునూ కాస్తుంది, అయినా అది ఒళ్లు కాదు.

మరి ప్రార్థన? మొక్కు? వెన్నంటి నడిస్తే చాలంటున్నారు, దేవుణ్ణి అడగవద్దా అని భక్తులు బాధపడవచ్చు. అడగవద్దని నేననడం లేదు. శారదాదేవి జీవితంలోని ఒక ఘట్టం దీనికి మంచి వెలుగు. రామకృష్ణ పరమహంసకు గొంతు క్యాన్సర్ వచ్చినప్పుడు ఆమె తారకేశ్వర్‌లోని శివాలయానికి వెళ్లి, భర్తకు నయం కావాలని అన్నం నీళ్లు మాని పడి ఉంది. రెండు రోజులు గడిచాక ఒక రాత్రి, కుండల దొంతర ఒక్క దెబ్బకు పగిలినట్టు చప్పుడు వినిపించిందని, ఎవరికి ఎవరు అన్న విరక్తి లోపల పుట్టిందని ఆమే తర్వాత చెప్పింది. లేచి వచ్చేసింది. వచ్చి ఏం చేసిందన్నదే ముఖ్యం. మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. మింగుడుపడని గొంతుకు దిగేలా ఆహారం వండి పెట్టడమే ఆమె పని, 1886 ఆగస్టులో ఆయన పోయేదాకా. ఆ మొక్కును నేను తప్పుపట్టను, దాన్ని వదులుకుని వచ్చిన అడుగును ఇంకా ఎక్కువగా గౌరవిస్తాను. రురుడి దారి నుంచి సావిత్రి దారికి వచ్చిన అడుగది. మొక్కుల్లో కూడా దాటనివీ దాటేవీ ఉంటాయి. నా తలనీలాలు ఇస్తాను అని భర్త మొక్కుకుంటే అది అతని తల, అతని ఇష్టం. నా భార్య అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కుతుంది స్వామీ అని మొక్కుకుంటే ఆ మూడువేల అయిదువందల మెట్లూ ఆమె కాళ్లతో ఎక్కాలి. రేపు ఏ కాలు ఎంత పనిచేస్తుందో ఎవరికీ తెలియని మనిషి మీద అప్పు పెట్టినట్టే అది. ఎక్కలేకపోతే దేవుడికి బాకీ పడ్డానని కుమిలేది కూడా ఆమే.

ఆపరేషన్ రోజు పొద్దున మెడలో, చేతులకు ఉన్నవన్నీ తీసెయ్యమంటారు. చాలామంది ఆడవాళ్లు పుస్తెలతాడు దగ్గర ఆగిపోతారు. కొందరు పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వస్తారు, దాన్నీ తియ్యవలసి వస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. తీసిన సూత్రాలను చేతిరుమాల్లో ముడివేసి భర్త చేతిలో పెడతారు. కట్టినవాడి చేతికే అది తిరిగి వచ్చిన ఆ క్షణంలో, ముడి ఎప్పుడూ బంగారంలో లేదని ఇద్దరికీ తెలుస్తుంది. లోపల ఆమెను బోర్లా పడుకోబెట్టి, పూసల వెనక ఎముక తీసి, పొరను కోసి అంచులను దారాలతో పక్కకు లాగి పట్టి, సూక్ష్మదర్శిని కింద గడ్డను కొంచెం కొంచెంగా వేరుచేస్తారు. తల మీద నుంచి చిన్న కరెంటు పంపి, కాళ్ల కండరాలు దానికి పలుకుతున్నాయా లేదా అని మధ్యమధ్య చూస్తుంటారు. గంటలు పడుతుంది. బయట కూర్చున్నవాడి ధర్మం ఆ గంటల్లో కూర్చోవడమే. అసలు నడక తర్వాత మొదలవుతుంది. గొట్టం సంచీలో మూత్రం ఎంత వచ్చిందో రాసుకోవడం, మలబద్ధకం గురించి సిగ్గుపడకుండా అడగడం, కాళ్లకు వ్యాయామం చేయించడం. ఆడవాళ్ల వార్డులో రాత్రిపూట మొగవాళ్లను ఉండనివ్వని చోట అక్కో చెల్లెలో ఆ పని అందుకుంటారు, వాళ్లకు దారివ్వడం కూడా దాటకపోవడమే. తనవల్ల కానిది కాదని ఒప్పుకుని, అన్నం తిని, ఒక గంట పడుకోవడం కూడా. ఇక పక్క మార్చడం ఉంది. పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి తిప్పాలి, వెన్ను మెలిపడకుండా భుజాలూ నడుమూ ఒకేసారి, దుంగను దొర్లించినట్టు కదలాలి. నర్సు భుజాల దగ్గర, భర్త నడుము దగ్గర చేతులు వేసి సిద్ధంగా ఉంటారు. ఒకటి, రెండు, మూడు అని లెక్క చెప్పాక ఇద్దరూ కలిసి తిప్పాలి. ఆ లెక్కను ఆమెనే చెప్పమనవచ్చు. నొప్పిని పంటి బిగువున పట్టి, ఊపిరి తీసుకుని, తను సిద్ధమయ్యాక ఆమె మూడు అంటుంది. అంతవరకు ఆ చేతులు కదలవు.